ఎనభై దాటితే బండి ఎందుకు వణుకుతుంది?

పల్నాడు జిల్లా ధరణికోట నుంచి బయల్దేరిన బండికి ఒకే రోజున రెండు రకాల నేల తగులుతుంది. ఊరు దాటగానే పత్తి, మిరప చేలకు దిగే డొంకలు, వాన పడితే మడమలు దిగబడే నల్లరేగడి. అక్కడి నుంచి గుంటూరు చేరితే చెన్నై–కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి, నున్నటి వెడల్పాటి రోడ్డు. ఒకప్పుడు ఈ ఊరి సరుకు నీటి మీద పోయేది. 1962–65 మధ్య జరిగిన పురావస్తు తవ్వకాల్లో కృష్ణతో కలిసే కాలువ, దాని ఒడ్డున ఇటుక రేవు కట్టడం బయటపడ్డాయి. శాతవాహనుల నాటి ధాన్యకటకం వ్యాపారానికి అదే దారి. ఇప్పుడు ఒక్క బస్తా మిరప కదలాలన్నా చక్రమే గతి.

పొద్దున చేలోనూ మధ్యాహ్నం మిర్చి యార్డులోనూ ఉండాల్సిన మనిషి తన బొలెరోకో థార్‌కో పెద్ద గళ్లున్న ఆఫ్‌రోడ్ టైర్లు వేయించుకోవడంలో వింతేమీ లేదు. డొంకలో ఆ టైర్ల పట్టు నిజంగా గొప్పది. చిక్కంతా హైవే మీదే. అరవై దాకా బండి హాయిగా పోతుంది. డెబ్భై అయిదు, ఎనభై దగ్గర స్టీరింగ్‌లో సన్నటి వణుకు మొదలవుతుంది. తొంభైకి చేతులు తిమ్మిరెక్కుతాయి. విచిత్రంగా, వందకు చేరేసరికి కొన్ని బండ్లలో అది కాస్త సర్దుకుంటుంది కూడా. షాపుకు తీసుకెళ్తే మళ్లీ బ్యాలెన్సింగ్ చేస్తారు, మిషను సున్నా చూపిస్తుంది, హైవే ఎక్కితే కథ మామూలే. తర్వాత అలైన్‌మెంటుకు కొంత డబ్బు, బుష్‌లకు కొంత డబ్బు, చివరికి టైర్ల మీద విరక్తి.

మిషను అబద్ధం చెప్పదు. అది చూపే సున్నా బరువు పంపకం గురించి మాత్రమే. చక్రం నిజంగా గుండ్రంగా ఉందా, చుట్టూతా ఒకే గట్టిదనంతో ఉందా, హబ్ మీద నడిమధ్యన కూర్చుందా అన్న మూడు ప్రశ్నలు ఆ సున్నాలో లేవు. కొత్త ఆఫ్‌రోడ్ టైర్ల వణుకు మొండికేసిందంటే, జవాబు ఎక్కువగా ఈ మూడింటిలోనే దొరుకుతుంది. వాటిని డబ్బు ఖర్చు కాకముందే ఒక వరుసలో వెతకవచ్చు.

ముందు బరువు సంగతే చూద్దాం. బొలెరోకు మామూలుగా వచ్చే 215/75 ఆర్15 టైరు తీసి 235/75 ఆర్15 వేశామనుకోండి. చక్రం ఎత్తు లెక్కప్రకారం 703 మిల్లీమీటర్ల నుంచి 733కు పెరుగుతుంది. బరువుకు కాస్త అణిగి దొర్లే టైరు ఒక చుట్టుకు సుమారు 2.25 మీటర్లు పోతుంది. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. అంటే చక్రం సెకనుకు 11 చుట్లు తిరుగుతోంది. ఇప్పుడు రిమ్ అంచున ఒక చోట 60 గ్రాముల బరువు ఎక్కువైందనుకోండి. జొన్నచేలో పిట్టలను తోలే వడిసెలను తిప్పేవాడి చేతిని రాయి ఎలా బయటికి లాగుతుందో, ఆ 60 గ్రాములు ఇరుసును అలా లాగుతాయి. 90 కిలోమీటర్ల వేగంలో ఆ లాగుడు అయిదున్నర కిలోల పైమాటే. అది కూడా ఒకసారి పైకి, ఒకసారి కిందికి, సెకనుకు 11 సార్లు. వేగం సగానికి తగ్గితే లాగుడు నాలుగో వంతుకు పడిపోతుంది, ఎందుకంటే ఈ బలం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. అదే చక్రం ఎద్దుబండి నడకతో, గంటకు నాలుగున్నర కిలోమీటర్లతో దొర్లితే 14 గ్రాముల లాగుడే ఉంటుంది. ఊళ్లో తిరిగినన్నాళ్లు ఏమీ తెలియక హైవే ఎక్కగానే బయటపడటానికి కారణం ఇదే.

అయితే వేగంతో పాటు పెరిగేదయితే వంద దగ్గర ఇంకా ఎక్కువ కావాలి కదా? కొన్ని బండ్లలో తగ్గుతుందెందుకు? ఇక్కడ రెండో సూత్రం పనిచేస్తుంది. చక్రం, హబ్, బ్రేకు, ఇరుసులో వాటా కలిపి ఒక్కో మూలన నలభై కిలోల దాకా బరువు ఉంటుంది. ఆ బరువు కింద గాలి నిండిన టైరు ఒక స్ప్రింగు, పైన సస్పెన్షన్ ఇంకో స్ప్రింగు. ఈ అమరికకు తనదైన ఒక ఊగుడు వేగం ఉంది, సాధారణంగా సెకనుకు 10 నుంచి 15 సార్లు. చక్రం తిరిగే లెక్క సరిగ్గా ఆ అంకెను తాకినప్పుడు చిన్న తోపులు కూడా ఒకదానిపై ఒకటి పేరుకుని పెద్ద ఊపవుతాయి. మన లెక్కలో సెకనుకు 12 అనుకుంటే అది 97 కిలోమీటర్ల వేగం. ఆఫ్‌రోడ్ టైరు మామూలు దానికంటే రెండు మూడు కిలోలు బరువు. బరువు పెరిగితే ఊగుడు నెమ్మదిస్తుంది, ప్రమాదపు వేగం ఇంకాస్త కిందికి జారుతుంది. ఆ వేగాన్ని దాటి ముందుకు పోతే లయ తప్పి వణుకు కొంత తగ్గుతుంది. అంతమాత్రాన జబ్బు పోయినట్టు కాదు. బేరింగులు, టై రాడ్ ఎండ్లు ఆ దెబ్బలు తింటూనే ఉంటాయి. నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు చట్టం 2018లో పెట్టిన హద్దు వంద. వణుకు తగ్గేదాకా తొక్కుదామనుకోవడం ఎవరికీ మంచిది కాదు.

టైరు మారితే వణుకు రావడం ఇప్పటి సంగతి కాదు. 1923లో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ తక్కువ గాలితో నడిచే లావుపాటి బెలూన్ టైర్లు తెచ్చింది. ప్రయాణం మెత్తబడింది కానీ, అదే కాలంలో ముందు చక్రాలకు కూడా బ్రేకులు రావడంతో ముందు ఇరుసు బరువెక్కి, కార్ల ముందు చక్రాలు అటూ ఇటూ వెర్రిగా ఊగడం మొదలైంది. దానికి షిమ్మీ అని పేరు. ఒకే కడ్డీ ఇరుసుకు రెండు చక్రాలూ బిగించి ఉన్నంతకాలం ఒకదాని ఊగుడు రెండోదానికి అంటుకుంటుందని ఇంజనీర్లు గ్రహించారు. జనరల్ మోటార్స్‌లో మారిస్ ఓలీ చేసిన పని ఫలితంగా 1934 మోడళ్లలో రెండు ముందు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్ వచ్చింది. ఈ రోజు మన కార్ల ముందు భాగం అలా ఉండటానికి ఆ షిమ్మీ కూడా ఒక ముఖ్య కారణం. సుమారు వందేళ్ల తర్వాత లావు టైర్ల మోజు తిరిగి వచ్చి, పాత సమస్యను పల్లెటూరి బండ్లకు కూడా తెచ్చింది.

ఇక మూడు ప్రశ్నల్లో మొదటి రెండు, గుండ్రదనం, గట్టిదనం. టైరు పొరలు పొరలుగా చుట్టి, అచ్చులో ఉడికించిన వస్తువు. చిన్నపాండూరు అపోలో ఫ్యాక్టరీలో చేసినా, సదాశివపేట ఎంఆర్‌ఎఫ్‌లో చేసినా, విదేశం నుంచి వచ్చినా, పొర అంచులు ఒకదానిమీద ఒకటి కలిసే అతుకు ఉండక తప్పదు. ఆ అతుకు దగ్గర రబ్బరు కాస్త గట్టిగా ఉంటుంది. ఫ్యాక్టరీలో ప్రతి టైరునూ నొక్కి చూసి, హద్దు దాటినదాన్ని తీసేస్తారు. హద్దులోపల ఉన్న తేడా మాత్రం మన దగ్గరికి వస్తుంది. మందపాటి గళ్లు, బలమైన పక్క గోడలు ఉన్న ఆఫ్‌రోడ్ టైరులో ఈ తేడాకు చోటు ఎక్కువ. ఇలాంటి టైరును ఒక మిల్లీమీటరు అణచాలంటే సుమారు ఇరవై కిలోల బలం కావాలి. కాబట్టి చక్రం కేంద్రం నుంచి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగి తిరిగినా, ప్రతి చుట్టులో ఇరుసును ఇరవై కిలోలు పైకీ కిందికీ తోస్తుంది. పైన మనం లెక్కేసిన 60 గ్రాముల ఎక్కువ బరువు తోసేది అయిదున్నర కిలోలే. ఎన్ని సీసం ముక్కలు అంటించినా గుండ్రం కాని చక్రం గుండ్రం కాదని ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

ఈ తేడాను తగ్గించే మార్గం టైరు మీదే రాసి ఉంటుంది, చూసేవాళ్లు తక్కువ. చాలా కంపెనీల కొత్త టైర్ల పక్క గోడ మీద రంగు చుక్కలుంటాయి. ఎర్ర చుక్క టైరు ఎక్కువగా ఉబ్బిన, గట్టిగా ఉన్న చోటును చూపుతుంది. రిమ్ మీద పల్లపు చోటుకు గుర్తు ఉంటే ఈ చుక్కను సరిగ్గా దాని పక్కకే తేవాలి, అప్పుడు మిట్ట, పల్లం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పసుపు చుక్క టైరులో తేలికైన చోటు. రిమ్ మీద గుర్తేమీ లేకపోతే దాన్ని గాలి వాల్వు దగ్గర ఉంచుతారు, ఎందుకంటే వాల్వు ఉన్నచోట రిమ్ కాస్త బరువు. టైరు ఎక్కించేటప్పుడే అడిగి చేయించుకుంటే పైసా ఖర్చు లేదు. తర్వాత చేయాలంటే టైరు మళ్లీ ఊడదీయాలి.

అన్నిటికంటే తేలిగ్గా బయటపడే లోపం, అన్నిటికంటే తరచుగా వదిలేసే లోపం కూడా, టైరు రిమ్‌లో సరిగ్గా కూర్చోకపోవడం. ఆఫ్‌రోడ్ టైరు అంచు గట్టిది. సబ్బునీళ్లు సరిగా రాయకుండా గాలి కొడితే ఒకచోట పూర్తిగా ఎక్కుతుంది, ఇంకోచోట ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలే ఉండిపోతుంది. రిమ్ అంచుకు పైన టైరు చుట్టూ ఒక సన్నటి గీత ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఆ గీతకూ రిమ్ అంచుకూ మధ్య ఎడం చుట్టూతా ఒకటేనా అని వేలితో తడిమి చూడండి. ఒకవైపు ఇరుకు, ఒకవైపు వెడల్పు ఉంటే గాలి తీసి, అంచును కిందికి దించి, సబ్బు రాసి మళ్లీ కొట్టించాలి. ఆ పని అయ్యాక టైరు మీదా రిమ్ మీదా ఒకే సూటిలో సుద్దతో ఒక గీత గీయండి. సబ్బు ఇంకా ఆరని కొత్త టైరు గట్టి బ్రేకు పడితే రిమ్ మీద కాస్త జారుతుంది. జారితే చేసిన బ్యాలెన్సింగ్ మొత్తం చోటు తప్పినట్టే. మర్నాడు గీత రెండు ముక్కలై కనిపిస్తే సంగతి అర్థమవుతుంది. అందుకే మొదటి రోజు బ్రేకులూ పికప్పూ నెమ్మదిగా వాడమని మంచి మెకానిక్కులు చెబుతారు.

హబ్ మీద కూర్చోవడం మూడో ప్రశ్న. కొత్త టైర్లతో పాటే కొత్త ఎలాయ్ వీల్స్ వేయించినవాళ్లు ముందుగా ఇక్కడే వెతకాలి. బయట దొరికే ఎలాయ్‌లు రకరకాల బండ్లకు సరిపోయేలా నడిమి రంధ్రం పెద్దదిగా చేసి వస్తాయి. హబ్‌కూ రంధ్రానికీ మధ్య ఖాళీ ఉంటే చక్రాన్ని మధ్యకు తెచ్చే బాధ్యత నట్ల మీదే పడుతుంది. ఆ ఖాళీని నింపే ఉంగరాల్లాంటి రింగులు దొరుకుతాయి. నట్టు కొన కూడా రిమ్ గుంటకు సరిపోవాలి. శంకువు కొన నట్టును గుండ్రటి గుంటలో బిగిస్తే వణుకు సంగతి పక్కన పెట్టండి, చక్రం ఊడే ప్రమాదం ఉంది. పాత రిమ్ములే అయినా హబ్ ముఖం మీద తుప్పు, ఎండిన మట్టి పొర ఉంటే చక్రం వంకరగా కూర్చుంటుంది. ఇనుప బ్రష్‌తో గీకడం రెండు నిమిషాల పని. నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, చక్రం గాలిలో ఉండగానే బిగించడం మొదలుపెట్టాలి. గన్నుతో ఒక్కో నట్టును పూర్తిగా లాగేసే తొందర షాపుల్లో చాలా చూస్తాం, అది మానాలి.

షాపు మిషన్‌కూ ఇదే జబ్బు రావచ్చు. చక్రాన్ని మిషను ఇరుసుకు శంకువుతో సరిగ్గా మధ్యలో బిగించకపోతే అది తప్పు చోట బరువు అడుగుతుంది. పరీక్ష చాలా సులభం. సున్నా వచ్చాక చక్రాన్ని వదులు చేసి, ఇరుసు మీద సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పమనండి. అప్పుడూ సున్నా దగ్గరే ఉంటే బ్యాలెన్సింగ్ నమ్మవచ్చు. ముప్పై, నలభై గ్రాములు చూపిస్తే చక్రం అమర్చడంలోనే తేడా ఉంది. ఈ ఒక్క మాట మర్యాదగా అడిగితే షాపువాళ్లు కాదనరు, అడిగినవాడికి పని తెలుసని జాగ్రత్త కూడా పడతారు.

పల్నాడు లాంటి చోట్ల ఇంకో కారణం ఉంది, రేగడి మట్టి. నీరు తాగి ఉబ్బి, ఎండితే రాయిలా బిగుసుకునే ఈ మట్టి రిమ్ లోపలి గాడిలో ఒకవైపు అంటుకుని ఆరిపోతుంది. బయటికి కనిపించదు. పైపైన నీళ్లు కొడితే పోదు. రెండు వందల గ్రాముల మట్టి చక్రం లోపల ఒకచోట పట్టి ఉంటే 90 వేగంలో లాగుడు పదిహేడు కిలోల దాకా పోతుంది. చేలోకి దిగి వచ్చిన మర్నాడే వణుకు మొదలైతే ముందు చక్రాల లోపలి వైపు కర్రతో గీకి కడగండి. బ్యాలెన్సింగ్‌కు అంటించిన బరువు ముక్కలు ఊడిపోయాయేమో కూడా అప్పుడే చూసుకోండి. ముక్క ఊడినచోట జిగురు మచ్చ శుభ్రంగా కనిపిస్తుంది. ఈ నేల ఇంకో రకంగానూ మోసం చేస్తుంది. రేగడి మీద వేసిన రోడ్లు అడుగు ఉబ్బి కుంగి అలలు తేలతాయి. అలాంటి రోడ్డు మీద మంచి టైరు కూడా ఊపుతుంది. కాబట్టి పరీక్ష జాతీయ రహదారి మీద, ఒకే చోట, రానూపోనూ చేయాలి.

ఏ భాగం వణుకుతోందో పట్టుకోవడానికి ఇప్పుడు మన జేబులోనే పరికరం ఉంది. ప్రతి స్మార్ట్‌ఫోన్‌లో కదలికను కొలిచే సెన్సరు ఉంటుంది. జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఆ సెన్సరు అంకెలను సెకనుకు ఎన్ని ఊపులు అన్న గీతగా చూపిస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లు ఫోను బండి నేల మీద కదలకుండా పెట్టి చూడాలి, నడిపేవాళ్లు ఫోను ముట్టకూడదు. వేగాన్ని జీపీఎస్‌లో చూడండి. పెద్ద టైరు వేశాక స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, మన ఉదాహరణలో తేడా నూటికి నాలుగు. 90 వేగంలో గీత 11 దగ్గర లేస్తే తప్పు చక్రంలోనే: బరువో, కేంద్రమో. 22 దగ్గర లేస్తే చుట్టుకు రెండుసార్లు తోస్తోందన్నమాట, టైరు కోడిగుడ్డు ఆకారంలో ఉందని అనుమానించాలి. చక్రం కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా తిరిగే ప్రొపెల్లర్ షాఫ్టు తప్పయితే 44 చుట్టుపక్కల లేస్తుంది. బండి ఎత్తు పెంచిన వాళ్లకు షాఫ్టు వాలు మారి, క్రాస్ జాయింట్ల దగ్గర దానికి రెట్టింపు లెక్కలో వణుకు వస్తుంది, టైర్లను ఎన్నిసార్లు తిప్పినా పోదు. సెకనుకు నాలుగైదు వందల లెక్కన వచ్చే హోరు మాత్రం గళ్లు రోడ్డును తట్టే చప్పుడు. అది లోపం కాదు, ఆఫ్‌రోడ్ టైరు స్వభావం.

ఫోను లేకపోయినా ఒళ్లు చాలావరకు చెబుతుంది. స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటూ నేలా వణికితే ఎక్కువగా వెనకవి. అదే వేగంలో గేరు మార్చి చూసినా వణుకు మారకపోతే ఇంజిను నిర్దోషి. బ్రేకు తొక్కినప్పుడే వస్తే బ్రేకు డిస్కు చూడాలి. చక్రాన్ని జాకీ మీద లేపి, టైరుకు దగ్గరగా ఇటుక మీద ఒక పుల్ల నిలబెట్టి, చేత్తో నెమ్మదిగా తిప్పితే పుల్లకూ టైరుకూ మధ్య ఎడం పెరగడం తగ్గడం కంటికే కనిపిస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే అనుమానించండి, రిమ్ అయితే అందులో సగానికే. అప్పటికీ తేలకపోతే స్టెప్నీని ఒక్కో చక్రం స్థానంలో వేసి, అదే రోడ్డు మీద నడిపి చూడండి, స్టెప్నీ కూడా అదే సైజు అయితేనే సుమా. వణుకు ఏ చక్రాన్ని తీసినప్పుడు పోయిందో దోషి అదే. ఆ ఒక్క చక్రాన్నే తీసుకుని, రోలరుతో నొక్కి టైరు గట్టిదనం కొలిచే మిషను ఉన్న షాపుకు ముందే ఫోను చేసి వెళ్లండి. టైరును రిమ్ మీద సగం చుట్టు తిప్పి వేసినా హద్దులోకి రాకపోతే, ఆ కొలత కాగితం చేతిలో ఉంటే వారంటీ అడగడం తేలిక.

అలైన్‌మెంటు గురించి ఒక్క మాట. అది తప్పితే బండి పక్కకు లాగుతుంది, టైరు ఒకవైపు అరుగుతుంది. దానంతట అది ఈ రకం వణుకు తేదు. టైరు అరిగి వంకర తేలాక తెస్తుంది, కానీ కొత్త టైర్లకు ఆ కారణం పనికిరాదు.

అన్నిటికంటే భయపడాల్సినది వేరే ఉంది. ముందు కడ్డీ ఇరుసున్న పాత జీపుల్లాంటి బండ్లలో, గతుకు తగలగానే స్టీరింగ్ చేతిలోంచి లాక్కున్నట్టు ముందు చక్రాలు రెండూ ఒక్కసారిగా అటూ ఇటూ కొట్టుకుంటాయి. ఇది ఎనభైలో వచ్చే సన్నటి వణుకు కాదు, కింద ఏదో జాయింటు వదులైందనడానికి గుర్తు, బరువైన టైరు దాన్ని బయటపెట్టింది అంతే. గట్టిగా బ్రేకు వేయకండి. స్టీరింగ్ పట్టుకుని యాక్సిలరేటరు వదిలి నెమ్మదిగా పక్కకు ఆపండి. బండిని ఆ స్థితిలో మళ్లీ హైవే ఎక్కించకండి. టైరు పక్క గోడ ఉబ్బినా అంతే.

కొత్త చక్రాలు వేయించుకున్న ప్రతి ఒక్కరికీ ఒక విన్నపం. కొత్తగా బిగించిన నట్లు మొదట్లో కొంచెం సర్దుకుంటాయి. యాభై నుంచి వంద కిలోమీటర్లు తిరిగాక, బండి చల్లబడ్డాక, వాటిని ఒకసారి సరైన బిగువుతో మళ్లీ బిగించుకోండి. గాలి టైరు మీద రాసిన గరిష్ఠ అంకె దాకా కొట్టించకుండా, డ్రైవరు తలుపు దగ్గరి పట్టీ మీద ఉన్నంతే పెట్టించుకోండి. టైరు సైజు మార్చి ఉంటే ఎంత గాలి పెట్టాలో టైరు అమ్మినవాళ్లను అడిగి తెలుసుకోండి.